ఆగని స్క్రిప్టుకే భయపడాలి

సర్వర్‌ను అప్‌గ్రేడ్ చేసిన మర్నాడు పొద్దున "పని చేయడం లేదండీ" అని ఫోను వస్తే నాకు ఒకరకంగా ఊరట. ఏదో ఒక ఆదేశం కొత్త యంత్రంలో లేదన్నమాట, లేదా ఏదో ఒక గుర్తు కొత్త షెల్‌కు, అంటే మనం రాసిన ఆదేశాలను చదివి నడిపించే ప్రోగ్రాముకు, అర్థం కాలేదన్నమాట. వరసగా నడవాల్సిన ఆదేశాలు రాసి పెట్టిన ఫైలు, అంటే స్క్రిప్టు, అక్కడే ఆగింది, ఎందుకు ఆగిందో ఒక వాక్యం రాసి మరీ ఆగింది. ఆ వాక్యాన్ని పట్టుకుని వెళితే మధ్యాహ్నానికల్లా సంగతి తేలిపోతుంది. నాకు గుబులు పుట్టించేది ఆ పూట ఫోను రాని ఆఫీసు. అక్కడ స్క్రిప్టులన్నీ నడిచాయి. సరిగ్గా నడిచాయో లేదో ఎవరూ చూసి ఉండరు.

గుంటూరు, విజయవాడల్లో చిన్న వ్యాపారాల సర్వర్లు చూసుకోవడం నా వృత్తి. కోల్డ్ స్టోరేజీలు, లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులు, పుస్తకాల పంపిణీదారులు, మందుల హోల్‌సేల్ దుకాణాలు. పగలు వ్యాపారం నడిచేది ఏ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోనో కావచ్చు. రాత్రిపూట దాని చుట్టూ సర్ది, లెక్క కట్టి, నకలు తీసి పెట్టేవి మాత్రం పది ఇరవై వరుసల షెల్ స్క్రిప్టులు. వాటిని రాసినవాళ్లు ఎప్పుడో హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లిపోయి ఉంటారు. అవి ఉన్నాయన్న సంగతి చాలామంది యజమానులకు తెలియదు. తెలియకపోయినా ఫర్వాలేదు, నెలాఖరు లెక్క వాటి మీదే నిలబడి ఉంటుంది.

అప్‌గ్రేడ్ అనగానే మనవాళ్లు పడే హైరానా అంతా ఆగిపోయిన స్క్రిప్టుల గురించే. ఆగినదాన్ని తిడతారు, హెచ్చరిక కనిపిస్తే కనిపించకుండా చేస్తారు, నడుస్తున్నదాని జోలికి వెళ్లరు. నా అనుభవంలో నష్టం వచ్చింది ఎప్పుడూ మూడో రకంతోనే. ఈ వరస మారాలని నా వాదన.

మా ప్రాంతంలో ఈ బెడద పెద్ద ఎత్తున వచ్చింది సెంట్‌ఓఎస్ అనే ఉచిత లైనక్స్ పోయినప్పుడు. 2029 దాకా ఉంటుందనుకున్న సెంట్‌ఓఎస్ 8కి 2021 డిసెంబరు 31తోనే ముగింపు పలుకుతున్నట్టు 2020 డిసెంబరులో ప్రకటించారు. సెంట్‌ఓఎస్ 7 గడువు 2024 జూన్ 30తో తీరింది. నమ్మకం సడలిన చాలామంది ఉబుంటుకు మారారు. రెండూ లైనక్సే కదా, ఫైళ్లు కాపీ చేసి పెట్టుకుంటే చాలనుకున్నారు. స్క్రిప్టులను కూడా అలాగే కాపీ చేశారు.

ఆటోనగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసు సంగతి చెబుతాను. ఎల్‌ఆర్‌లు (లారీలో వేసిన సరుకుకిచ్చే రసీదులు), లారీ కిరాయిల ఖాతాలు, డీజిల్ బిల్లులు అన్నీ ఒకే సర్వర్‌లో ఉండేవి. రాత్రి ఒక స్క్రిప్టు మొత్తం డేటాను టార్‌తో ఒక ఫైలుగా కట్టి, ఆ ఫైలును బయటి డిస్కు మీదకు కాపీ చేసేది. స్క్రిప్టును ఏ షెల్ చదవాలో చెప్పే మొదటి వరుసలో #! గుర్తుల తరువాత /బిన్/ఎస్‌హెచ్ అని ఉంది. టార్ ఆదేశం చివర &> అనే గుర్తు, దాని వెనక లాగ్ ఫైలు పేరు. ఆ కింది వరుసలో కాపీ ఆదేశం. అంతే.

సెంట్‌ఓఎస్‌లో ఎస్‌హెచ్ అని పిలిస్తే పలికేది బ్యాష్. బ్యాష్‌కు &> అంటే ఈ ఆదేశం చెప్పే మాటలు, చేసే ఫిర్యాదులు రెండూ లాగ్ ఫైలులోకి పంపు అని అర్థం. ఉబుంటులో అదే పేరుతో పిలిస్తే పలికేది డ్యాష్. దానికి ఈ జంట గుర్తు తెలియదు. తెలియనప్పుడు తప్పు అని ఆగితే బాగుండేది. కానీ & కూ > కూ విడివిడిగా నిండైన అర్థాలున్నాయి. & అంటే ఈ పనిని వెనక నడవనిచ్చి నువ్వు ముందుకు సాగు. ఒంటరిగా వచ్చిన > అంటే ఆ పేరుగల ఫైలును ఖాళీ చేసి పెట్టు. డ్యాష్ అక్షరం పొల్లుపోకుండా అదే చేసింది. టార్‌ను వెనక వదిలేసింది, లాగ్ ఫైలును ఖాళీ చేసింది, వెంటనే కింది వరుసకు పోయి అప్పుడే మొదలైన ఫైలును బయటి డిస్కుకు కాపీ చేసింది. చివరికి అంతా సవ్యం అన్న సంకేతంతో ముగిసింది.

ఇక్కడ కాసేపు నిలబడి చూడాలి. పొద్దున సర్వర్‌లో చూస్తే టార్ ఫైలు పూర్తిగానే ఉంటుంది, ఎందుకంటే వెనక నడిచిన టార్ తీరిగ్గా తన పని ముగించుకుంది. లాగ్ ఖాళీగా ఉంది, అంటే లోపాలేమీ లేవనుకున్నారు. బయటి డిస్కులో ఆ తేదీతో ఫైలు ఉంది. లోపల మాత్రం మొదటి ముక్కే ఉంది. టార్ చెప్పదలచుకున్న మాటలు లాగ్‌కు వెళ్లే దారి పోయింది కాబట్టి, స్క్రిప్టులను వేళకు నడిపించే క్రాన్ వాటిని మెయిల్‌గా పంపాలి. కొత్త యంత్రంలో మెయిల్ పంపే ప్రోగ్రామును ఎవరూ పెట్టలేదు. పంపే సాధనం లేదు కాబట్టి ఈ మాటలను పారేస్తున్నానని క్రాన్ సిస్టమ్ లాగ్‌లో రాసి పెడుతూనే ఉంది. ఆ లాగ్ చదివేవాళ్లు ఆ ఆఫీసులో లేరు.

సర్వర్ డిస్కు చెడిపోయిన రోజున బయటి డిస్కు తీశారు. ఏ తేదీ ఫైలు విప్పినా మధ్యలోనే ముగిసిపోయిందన్న సందేశమే. నన్ను పిలిచింది ఆ తరువాత. ఎల్‌ఆర్ నకళ్లు బుకింగ్ గుమాస్తాల దగ్గర కాగితాల రూపంలో దొరికాయి కాబట్టి కిరాయి లెక్కలు తిరిగి కట్టుకోగలిగారు. ఆ పనికి ముగ్గురు మనుషులు పాత బస్తాలు విప్పి కూర్చోవడం నా కళ్లతో చూశాను. ఆ దృశ్యం చూశాక కూడా "స్క్రిప్టు రోజూ నడిచింది కదా" అన్న మాట నాకు సమాధానంగా అనిపించదు.

అందులో స్క్రిప్టు రాసినవాడి తప్పెంత? తాను రాసిన చోట అది సరిగ్గా పనిచేసింది. కానీ మొదటి వరుస ఒక పత్రం మీద సంతకం లాంటిది అని నేను అనుకుంటాను. ఎస్‌హెచ్ అని రాస్తే, అందరు షెల్‌లకూ తెలిసిన ఉమ్మడి భాషలోనే రాశానని ఒప్పుకున్నట్టు. బ్యాష్ కావాలంటే బ్యాష్ అనే రాయాలి. ఈ తేడా నిన్న మొన్న పుట్టింది కాదు. స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్ యూనిక్స్ ఏడో సంచికతో 1979లో వచ్చింది. బ్రయన్ ఫాక్స్ బ్యాష్‌ను 1989లో విడుదల చేశాడు. అదే సంవత్సరం కెన్నెత్ ఆమ్‌క్విస్ట్ రాసిన చిన్న షెల్‌కు వారసురాలు డ్యాష్. చిన్నది, వేగమైనది కావడంతో యంత్రం త్వరగా మొదలవడానికి పనికొస్తుందని ఉబుంటు 2006లో వచ్చిన 6.10 నుంచే ఎస్‌హెచ్ స్థానంలో డ్యాష్‌ను కూర్చోబెట్టింది. ఉబుంటుకు మూలమైన డెబియన్ 2011లో వచ్చిన 6.0తో అదే బాట పట్టింది. ఇంత కాలం గడిచాక కూడా మన దగ్గర స్క్రిప్టులు నేర్పే చోట మొదటి వరుసను అర్థం చెప్పకుండా మంత్రంలా బట్టీ పట్టిస్తున్నారు. నాకు దాని మీదే కోపం.

ఆ మారిన షెల్ నోరు విప్పి చెప్పే సందర్భాలే ఎక్కువ. జంట చతురస్ర బ్రాకెట్లు కనిపిస్తే అలాంటి ఆదేశం లేదంటుంది. శ్రేణులు (అరేలు) రాస్తే కుండలీకరణం దగ్గరే ఆగుతుంది. సోర్స్ అనే మాట దొరకలేదంటుంది. ఇవి ఒక పూట పని. &> లాంటివి, రెండు షెల్‌లలోనూ చెల్లుబాటయ్యి రెండు అర్థాలిచ్చేవి, కొన్నే ఉంటాయి. ఆ కొన్నిటి కోసమే మొత్తం చదవాలి.

ఇక గుంటూరు సంగతి. ఇందులో షెల్ మారినా మారకపోయినా ఒకటే, తప్పు అంతకన్నా లోతున ఉంది.

ఒక కోల్డ్ స్టోరేజీలో మిర్చి సీజన్ మొదట్లో వచ్చిన లాట్లన్నిటి ఆవక జాబితాను ఒకసారి వరసపెట్టి ఫైలుగా దాచారు. ప్రతి రాత్రి స్క్రిప్టు ఆ రోజు ఛాంబర్లలో మిగిలిన లాట్ల జాబితాను వరసపెట్టి, కామ్ అనే ఆదేశంతో ఆవక జాబితాతో పోల్చేది. ఆవకలో ఉండి నిల్వలో లేనివి బయటికి వెళ్లిన లాట్లు. వాటికి అద్దె లెక్క కట్టి బిల్లు ముద్రించేది. మామూలు లాటుకు 11, 12 అని అంకెలు. ఒకే రైతు సరుకులో తేజ రకం వేరు, తాలు (నాసి కాయ) వేరు అని విడదీస్తే 1-1, 1-2 అని రాస్తారు.

సీజన్ మధ్యలో సర్వర్ మారింది. లైనక్స్‌లో అక్షరాల వరస ఎలా ఉండాలో నిర్ణయించేది జీలిబ్‌సీ అనే మూల లైబ్రరీ, అంటే ప్రోగ్రాములన్నీ వాడుకునే ఉమ్మడి కోడ్. 2018 ఆగస్టులో వచ్చిన దాని 2.28 సంచికలో ఆ వరస నియమాలను అంతర్జాతీయ ప్రమాణానికి తగినట్టు భారీగా మార్చారు. సెంట్‌ఓఎస్ 7లో ఉన్నది 2.17. పాత పద్ధతిలో అడ్డగీత మొదటి చూపులో లెక్కలోకి రాదు, అందుకని 11 ముందు, 1-1 తరువాత. కొత్త పద్ధతిలో అడ్డగీత లెక్కలోకి వస్తుంది, అంకెల కన్నా ముందు నిలుస్తుంది. అందుకని 1-1 ముందు, 11 తరువాత. పాత యంత్రంలో వరసపెట్టిన ఆవక జాబితా ఒక తీరులో, కొత్త యంత్రంలో వరసపెట్టిన నిల్వ జాబితా ఇంకో తీరులో ఉన్నాయి.

కామ్ రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టుకుని పై నుంచి కిందికి దిగుతుంది, వెనక్కి చూడదు. ఆవకలో మొదట 11 కనిపించింది, నిల్వలో మొదట 1-1. కొత్త నియమం ప్రకారం 1-1 చిన్నది కాబట్టి అది నిల్వలో మాత్రమే ఉందని తేల్చింది. తరువాత రెండు వైపులా 11, సరిపోయింది. ఆ తరువాత ఆవకలో 1-1 వచ్చింది. నిల్వలో దానికి జోడీ ఎప్పుడో దాటిపోయింది. కాబట్టి 1-1 బయటికి వెళ్లిన లాటు. బిల్లు సిద్ధం.

అక్కడి పెద్ద గుమాస్తా గారు ఆ జాబితాను నా ముందు పెట్టి అన్న మాట నాకు బాగా గుర్తు. "బాబూ, ఈ లాటు వెళ్లిపోయిందని రాసి ఉంది. నేను పొద్దున ఛాంబర్‌లో ఆ టిక్కీల మీద చెయ్యి వేసి వచ్చాను." టిక్కీ అంటే మిర్చి బస్తా. ఆయన చేతి రిజిస్టరు రాయడం మానలేదు కాబట్టి ఆ బిల్లు రైతు దాకా వెళ్లలేదు.

ఈ ఉదంతంలో నన్ను నిజంగా బాధపెట్టిన విషయం ఒకటుంది. కామ్ మౌనంగా లేదు. మొదటి ఫైలు వరసలో లేదని అది చెప్పింది, ముగిసేటప్పుడు తప్పు సంకేతం కూడా ఇచ్చింది. స్క్రిప్టులో ఆ ఆదేశం పక్కనే 2>/డెవ్/నల్ అని ఉంది. అంటే ఏ ఫిర్యాదు చేసినా చెత్తబుట్టలో వేయమని. తప్పు సంకేతం కూడా, ఒక ఆదేశం ఫలితాన్ని ఇంకోదానికి అందించే పైపులో, తరువాతి ఆదేశం వెనక మాయమైంది, ఎందుకంటే పైపు వరసలో చివరి ఆదేశం ఇచ్చిన సంకేతమే లెక్కకు వస్తుంది. ఒక పనిముట్టు తనంత తాను ప్రమాదం చెబుతుంటే దాని నోటికి మనమే గుడ్డ కట్టాం. ఎవరో ఎప్పుడో క్రాన్ మెయిళ్లు ఎక్కువయ్యాయని విసిగి ఆ ముక్క చేర్చి ఉంటారు. ఇలాంటి ముక్క కనిపించిన ప్రతి చోటా నేను తీసేస్తున్నాను, తీయడానికి వీల్లేదంటే ఎందుకో పక్కన రాయమంటున్నాను.

హెచ్చరికల మీద ఈ విసుగు మన ఊళ్లకే పరిమితం కాదు. ఫైళ్లలో మాటలు వెతికే గ్రెప్ అనే ఆదేశం 3.8 సంచిక 2022 సెప్టెంబరులో వచ్చినప్పుడు ఈగ్రెప్, ఎఫ్‌గ్రెప్ అనే పాత పేర్లతో పిలిస్తే ఇవి కాలం చెల్లినవి అని చెప్పడం మొదలుపెట్టింది. ఆ పేర్లను వదులుకోమని గ్రెప్ తయారుచేసేవాళ్లు 2007 నుంచీ చెబుతున్నదే. ఫలితం మారలేదు, పక్కన ఒక వాక్యం అదనంగా వచ్చిందంతే. దానికే చాలామంది మండిపడ్డారు. నేను గ్రెప్ పక్షం. పాత దారి మూసే ముందు ఆ దారిన పోయే ప్రతివాడికీ చెప్పడం కన్నా మర్యాద ఇంకేముంది?

చెప్పకుండా మారితే ఏమవుతుందో 2025 అక్టోబరులో ఉబుంటు 25.10 చూపించింది. రోజువారీ ఆదేశాల మూల సంపుటిని అందులో రస్ట్ భాషలో తిరిగి రాసిన దానితో మార్చారు. మంచి ఉద్దేశంతో చేసిన పని. కానీ ఒక ఫైలు చివరిసారి ఎప్పుడు మారిందో చెప్పాల్సిన డేట్ -ఆర్ అనే ఆదేశం ఆ ఫైలును పట్టించుకోకుండా ఇప్పటి సమయం చెప్పింది. లోపం అనలేదు, ఆగలేదు. కొత్త నవీకరణలున్నాయా అని తనంత తాను చూసుకునే స్క్రిప్టు ఆ జవాబు మీద ఆధారపడి ఉంది. అప్పుడే చూశాను కదా అనుకుని అది చూడడం మానేసింది. త్వరలోనే దిద్దుబాటు వచ్చింది గానీ, ఆ దిద్దుబాటు వచ్చిందని చెప్పాల్సిన స్క్రిప్టే నిద్రపోయిన యంత్రాలవి. వేలాది కళ్లు చూసే పంపిణీలోనే ఇది జరిగితే, ఒక్క కన్నూ చూడని మన ఆఫీసుల సంగతి వేరే చెప్పాలా?

నడుస్తున్నదాన్ని ముట్టుకోవద్దు, అప్‌గ్రేడే వద్దు అనే పెద్దలు ఉన్నారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది, వాళ్ల నిర్ణయంతో ఏకీభవించలేను. 2014 సెప్టెంబరులో షెల్‌షాక్ అనే లోపం బయటపడింది. షెల్‌కు అందే ఒక అమరిక విలువలో (ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో) నాలుగు గుర్తులు దూర్చి దూరం నుంచే సర్వర్‌తో ఏ పనైనా చేయించగల లోపం అది. బ్యాష్‌లో పాతికేళ్లుగా ఉంది, ఎవరికీ తెలియలేదు. గడువు తీరిన వ్యవస్థలో రేపు అలాంటిది బయటపడితే దిద్దే నాథుడు ఉండడు. జనం ఖాతాలున్న యంత్రాన్ని అలా వదిలేయడం మన సరుకుకే కాదు, మనల్ని నమ్మి సరుకు పెట్టినవాళ్లకూ అన్యాయం.

ఇక కుర్రవాళ్లు చెప్పేది, షెల్ స్క్రిప్టులన్నీ పారేసి పైథాన్‌లో రాసేద్దాం అని. పైథాన్ నాకు ఇష్టమే. కానీ అది ఈ రోగానికి మందు కాదు. పైథాన్ 2కు 2020 జనవరి 1తో కాలం తీరింది. అందులో 5ను 2తో భాగిస్తే 2 వచ్చేది, పైథాన్ 3లో 2.5 వస్తుంది. ఒకే వరుస, రెండు జవాబులు, రెండు చోట్లా ఏ ఫిర్యాదూ లేదు. టిక్కీలను రాక్‌లకు సర్దే లెక్కలో అది దొర్లితే కామ్ చేసిన పనికీ దీనికీ తేడా ఏమిటి? భాష మార్చడం వల్ల తప్పు జవాబు తనంత తాను అరవదు.

కాబట్టి నేను చేస్తున్నది ఇది. మారే ముందు ప్రతి స్క్రిప్టు మొదటి వరుస చదువుతాను. ఎస్‌హెచ్ అని ఉండి లోపల బ్యాష్ భాష ఉంటే మొదటి వరుసైనా మారుస్తాను, లోపలి భాషైనా మారుస్తాను. షెల్‌కే ఇచ్చి వ్యాకరణం చూడమంటే &> దొరకదు, ఎందుకంటే డ్యాష్ దృష్టిలో అది తప్పు కాదు. షెల్‌చెక్ అనే ఉచిత పనిముట్టు దాన్ని వేలు పెట్టి చూపిస్తుంది. వరసపెట్టే చోటల్లా, ఏ భాష వరస వాడాలో చెప్పే ఎల్‌సీ_ఆల్ విలువ సి అని ముందే చెబుతాను, అప్పుడు ఏ ఊరి వరసా కాకుండా బైట్ల వరస వస్తుంది, యంత్రం మారినా మారదు. పాత జాబితాలుంటే మళ్లీ వరసపెట్టిస్తాను. తప్పు వస్తే ఆగమనే సెట్ -ఈ పెడతాను గానీ దాని మీదే భారం వేయను. వెనక్కి పంపిన పనిలో తప్పు వస్తే అది చూడదు, పైపు మధ్యలో వస్తే చూడదు. పైపు మధ్య తప్పును పట్టుకునే పైప్‌ఫెయిల్, షెల్‌ల ఉమ్మడి భాషను నిర్దేశించే పాజిక్స్ ప్రమాణంలోకి వచ్చిందే 2024లో.

అన్నిటికన్నా నేను నమ్మేది పాత యంత్రాన్నీ కొత్త యంత్రాన్నీ పక్కపక్కన ఒకే డేటా మీద కొన్నాళ్లు నడిపి, ఫలితాలను బైటు బైటూ పోల్చడం. దీనికి సమయం పడుతుంది, ఆ సమయానికి డబ్బు అవుతుంది. "నడుస్తోంది కదా, ఇంకా ఎందుకండీ" అని యజమానులు అడుగుతారు. ఆ ప్రశ్న వచ్చినప్పుడు తడబడకుండా బిల్లులో ఆ పనిని వేరే వరుసగా చూపించమని ఈ వృత్తిలోకి వస్తున్నవాళ్లకు చెబుతున్నాను. ఉచితంగా చేస్తానన్న పని చివరికి ఎవరూ చేయరు.

గుంటూరు కోల్డ్ స్టోరేజీలో ఇప్పుడు స్క్రిప్టు చివర ఒక తనిఖీ ఉంది. ఆ నియమం నేను కనిపెట్టింది కాదు, పెద్ద గుమాస్తా గారు తన రిజిస్టరులో ప్రతి సాయంత్రం చూసుకునేదే: నిల్వ, జావక (బయటికి వెళ్లినవి) కలిపితే ఆవక రావాలి. రాకపోతే బిల్లు ముద్రించకుండా స్క్రిప్టు ఆగుతుంది, ఆయన ఫోనుకే సందేశం పోతుంది. ఆటోనగర్ ఆఫీసులో కాపీ అయిన ఫైలును బయటి డిస్కు నుంచి తిరిగి చదివి, అసలుతో పోల్చాకే ఆ రాత్రి పని అయినట్టు లెక్క. రెండు చోట్లా ఇప్పుడున్నది ఉబుంటు 22.04. దాని ఐదేళ్ల మామూలు మద్దతు 2027లో ముగుస్తుంది. అందుకని గుంటూరులో మార్పును అంతకు ముందే, యార్డుకు వేసవి సెలవులిచ్చి ఆవకలు ఆగిన రోజుల్లో పెట్టుకుందామని ఇప్పుడే మాట్లాడుకున్నాం. పాత సర్వర్‌ను ఆ సీజన్ సరుకంతా బయటికి వెళ్లేదాకా తీయకూడదని కూడా.